ఊపిరితిత్తికి నొప్పి తెలియదు

చలికాలపు తెల్లవారుజామున ధరూరు మండలపు పల్లెలలో నడచిపోవువానికి, రేవులపల్లి చెంత జూరాల ఆనకట్ట వెనుక కృష్ణమ్మ నీటిపై లేచు మంచును, ఇంకను కట్టెలే మండు పొయ్యిల పొగయు ఒకదానిలో నొకటి కలిసి కనబడును. ఆ మసక వెలుగులో అరుగుమీద చుట్ట ముట్టించిన ముదుసలి దగ్గును, పొయ్యి యూదుచున్న ఇల్లాలి దగ్గును, ఏండ్లతరబడి పరదేశములలో బండలు కొట్టి ఊరు చేరిన కూలి దగ్గును వినబడును. కోడికూతవలె అదియు ఊరి చప్పుళ్లలో ఒకటియై పోయినది. చలిదగ్గనియు, చుట్టదగ్గనియు, వయసుదగ్గనియు మనము దానికి పేరు పెట్టుదుము. పేరు పెట్టిన పిదప విచారించుట మానివేయుదుము. ఊపిరితిత్తుల క్యాన్సరుకు మన యిండ్లలో దొరకు అదను ఈ మానివేయుటయే.

వ్రేలిలో ముల్లు గ్రుచ్చుకొనిన ప్రాణమంతయు అచటికే పరుగెత్తును. ఊపిరితిత్తి కట్టడము వేరు. దాని లోపలి మెత్తని కణజాలములో నొప్పిని తెలుపు నరములు లేవు. పైని పొరకు మాత్రమే ఆ శక్తి కలదు. కావున లోపల పుట్టిన గడ్డ వడ్లగింజంత యున్నపుడును, రేగుపండంత యైనపుడును రోగికి తెలియనే తెలియదు. అది శ్వాసనాళమును ఒరసినపుడు దగ్గు, రక్తనాళము చెడినపుడు తెమడలో నెత్తుటి చార, స్వరపేటికకు పోవు నరమును నొక్కినపుడు బొంగురుగొంతు, పైపొరను చేరినపుడు రొమ్ములో పోటు కలుగును. ఇవి కనబడు నాటికి పెక్కుమందిలో వ్యాధి ముదిరియుండును. అమెరికా గణాంకములనుబట్టి, గడ్డ ఊపిరితిత్తిని దాటకమునుపే పట్టుబడినవారిలో నూటికి 60 మందికి పైగా అయిదేండ్లు జీవించుచున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన పిమ్మట తెలిసినవారిలో ఆ సంఖ్య పదికి లోపలనే నిలుచుచున్నది.

ఈ వ్యాధికి మూలమేమని లండనులో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను శాస్త్రజ్ఞులు వెదకబూనినపుడు, రోడ్లకు పోయు తారో మోటారుబండ్ల పొగయో దోషియై యుండునని డాల్ మొదట ఊహించెను. ఆసుపత్రులలోని రోగులను ఒక్కొక్కరినే ప్రశ్నింపగా తేలినది పొగాకు. ఆ ఫలితము 1950లో వెలువడినది. దానిని చూచి డాల్ తానును సిగరెట్టు మానెను. బీడీయు చుట్టయు సిగరెట్టుకంటె సాధువులని మనవారిలో నున్న నమ్మకమునకు ఆధారము లేదు.

అయితే పొగ త్రాగనివారికిని ఈ వ్యాధి వచ్చును. మన పాలమూరు సీమలో ఈ మాట నొక్కి చెప్పవలసియున్నది. గుంపుమేస్త్రీల వెంట కదలి, దేశమునందలి ఎన్నియో ఆనకట్టలకును కాలువలకును చెమటోడ్చిన ‘పాలమూరు లేబరు’ ఇండ్లు ఇచట ఊరూర కలవు. రాయి పగిలినపుడు లేచు సన్నని సిలికాధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో నిశ్చిత కారకముల తరగతిలో చేర్చినది. 2013లో బయటి గాలి కాలుష్యమును ఆ తరగతికే చేరినది. ఇంటిలోని కట్టెల పొగయు బహుశః కారకమని ఆ సంస్థయే తలంచుచున్నది.

ఇక ఈ వ్యాధి మన దేశమున ధరించు మారువేషము క్షయ. దగ్గు, జ్వరము, చిక్కిపోవుట, నెత్తుటి తెమడ, ఎక్స్‌రేలో మచ్చ: రెంటికిని ఇవియే గురుతులు. టీబీ విరివిగానున్న చోట దానినే మొదట అనుమానించుట న్యాయము. కాని తెమడలో క్రిమి దొరకకున్నను, మచ్చనుబట్టియే మొదలుపెట్టిన మందులు గుణము చూపకున్నను, ఆరునెలల గడువు తీరువరకు ఓపికపట్టుట ప్రాణాపాయము. ఆ ఆరునెలలును గడ్డకు దొరకిన అవకాశమగును. అట్టి స్థితిలో స్కాను తీయించి, అవసరమైనచో చిన్న ముక్కను గ్రహించి పరీక్షింపుమని వైద్యుని అడుగుట రోగి హక్కు.

దగ్గు రాకమునుపే వెదకి పట్టు పద్ధతియు కలదు. దానినే స్క్రీనింగు అందురు. మామూలు ఎక్స్‌రేతో వెదకుట మరణములను తగ్గింపలేదని పరిశోధనలు తేల్చినవి. అమెరికాలో విపరీతముగా పొగత్రాగిన 53,454 మందిపై జరిగి 2011లో వెలువడిన పరీక్షలో, తక్కువ కిరణములతో ఏటేట తీసిన సీటీ స్కాను, ఎక్స్‌రేతో పోల్చగా, ఈ క్యాన్సరు మరణములను నూటికి 20 వంతులు తగ్గించినది. నేడు అచటి వైద్యులు 50 నుండి 80 ఏండ్ల వయసులో, రోజుకొక పెట్టె చొప్పున ఇరువదియేండ్లకు సమానముగా సిగరెట్లు కాల్చి, ఇంకను కాల్చుచున్నవారికిని, మానివేసి పదునైదేండ్లు దాటనివారికిని దీనిని విధించుచున్నారు. మన ప్రభుత్వము ముప్పదేండ్లు దాటినవారికి చేయించు క్యాన్సరు పరీక్షలలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము కలవు, ఊపిరితిత్తి లేదు. పాత క్షయ మచ్చలు స్కానులో గడ్డలవలె భ్రమింపజేయుటయు ఇచటి చిక్కు. కావున అందరును స్కానుకు పరుగెత్త బనిలేదు; చిరకాలము పొగత్రాగినవాడు తన లెక్కను వైద్యునికి దాచక చెప్పి, తనకది తగునా యని విచారింపవలెను.

దగ్గు మొదలైనవారికి ఇంత చర్చ యక్కరలేదు. రెండు వారములు మించిన దగ్గునకు ప్రభుత్వ ఆసుపత్రులలో తెమడ పరీక్ష ఉచితము. తెమడలో నెత్తురు పడినచో రెండు వారములు ఆగరాదు. టీబీ కాదని తెలిసినపుడు ‘హమ్మయ్య’ యని యిల్లు చేరక, మరేమని అడుగవలెను. గద్వాలలో రైలెక్కినచో చేరగల హైదరాబాదులో, 1955 నుండి క్యాన్సరు రోగులకు సేవచేయుచున్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ సంస్థ కలదు. అర్హులకు ఆరోగ్యశ్రీ అండ కలదు. గడ్డ చిన్నదైన శస్త్రచికిత్స, పెద్దదైన కిరణములు, మాత్రలు, మందులు. ఆ మందులలో పెమెట్రెక్సెడ్ అనునది ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు జాతికి చెందినది; ఆ జాతి మందులకు తొలినాళ్లలో ప్రాణముపోసిన ప్రయోగశాలకు నాయకుడు మన యెల్లాప్రగడ సుబ్బారావు. మందు తెలుగువాని బుద్ధికి ఋణపడియుండగా, ఆలస్యమువలన అది తెలుగువానికే అక్కరకు రాకపోవుట ఎంత దుఃఖకరము!

కావున రేపటి వేకువ అరుగుమీది దగ్గు వినబడినపుడు, ఆ యింటి పిల్లవాడు గాని, ఆ వీధి ఆశా కార్యకర్త గాని ఆగి, ‘తాతా, ఈ దగ్గు ఎన్నొద్దులాయె?’ అని యడుగవలెను. ఆయన వ్రేళ్లు మడచి లెక్కించుచు పండుగ మునుపటినుండి యన్నచో, గద్వాలకు పోవు మొదటి బస్సులో ఆయనను కూర్చుండబెట్టి, తోడుగా తానును ఎక్కవలెను.