బయాప్సీ పరికరంలో వదులైన ఒక మూత

ఊపిరితిత్తుల్లో అనుమానాస్పదమైన మచ్చ కనిపిస్తే, అదేమిటో తేల్చడానికి వైద్యులు బ్రాంకోస్కోపీ చేస్తుంటారు. వంగే సన్నని గొట్టాన్ని ముక్కు లేదా నోటి ద్వారా శ్వాసనాళాల్లోకి పంపి, అందులోని మార్గం గుండా చిన్న పట్టకారుతో కణజాలపు ముక్కను తీస్తారు. ఇదే బయాప్సీ. రక్తస్రావం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం ఇందులో అందరికీ తెలిసిన ప్రమాదాలు. పరికరంలోని లోపం మాత్రం అంత తేలిగ్గా బయటపడదు.

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో జరిగిన ఒక ఉదంతం 2003లో పరిశోధన పత్రంగా వెలువడింది. అక్కడ బ్రాంకోస్కోపీ చేయించుకున్న 414 మందిలో 39 మందికి ఇన్‌ఫెక్షన్లు సోకాయి. ముగ్గురి మరణానికి కలుషితమైన పరికరాలు కొంత కారణమై ఉండవచ్చని పరిశోధకులు భావించారు. శుద్ధి యంత్రాల్లో దొరకని సూడోమోనాస్ బ్యాక్టీరియా మూడు బ్రాంకోస్కోపుల్లో దొరికింది. పట్టకారును లోపలికి పంపే ద్వారం మూత వదులుగా ఉండటమే మూలమని తేలింది.

చిన్న లోపానికి ఇంత ప్రభావం ఎందుకు? వంగే బ్రాంకోస్కోపులు సాధారణంగా ఆవిరి వేడికి తట్టుకోలేవు. అందుకే వాటిని రసాయనాలతో శుద్ధి చేస్తారు. రసాయనం తగిలిన చోటే పనిచేస్తుంది. వదులైన మూత కింది సందులో తేమ నిలిస్తే, బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటుంది. అది రోగి నమూనాలో కలిస్తే, లేని ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు రిపోర్టు రావచ్చు.

దీనికి భయపడి అవసరమైన బయాప్సీని మానుకోకూడదు. ప్రతి వాడకం తర్వాత గొట్టాన్ని బ్రష్‌తో శుభ్రం చేసి, శుద్ధి చేసి, ఆరబెట్టాలి. మూతలు, అతుకులు పరిశీలించాలి. ఒకే బ్యాక్టీరియా పలువురి నమూనాల్లో కనిపిస్తే, రోగులతో పాటు పరికరాన్నీ పరీక్షించాలి.