క్రొత్త సేద్యపు వార్తలు – వానిని వ్రాయువారికి శిక్షణ

విత్తనము కొనునపుడు రైతు దానిని అరచేతిలో పోసికొని చూచును. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి మొలక యెంత వచ్చునో పరీక్షించును. అప్పు తీసికొనునపుడు వడ్డీ లెక్క రెండుమార్లు అడుగును. ఇంత జాగ్రత్తగల రైతు, ఉదయమున పత్రికలో "క్రొత్త మందు – రెట్టింపు దిగుబడి" యను శీర్షిక చూచినప్పుడు మాత్రము, ఆ వార్త వ్రాసినవా రెవరు, వారు ఆ పొలము చూచిరా, ఎన్ని పంటలు చూచిరి, అని అడుగుట అరుదు. వార్తయు విత్తనము వంటిదే. మంచిదైన పండును, పుచ్చుదైన ఒక ఏడాది పోవును. అందుచేత క్రొత్త వ్యవసాయ పద్ధతులను గూర్చి వ్రాయు విలేఖరులకు ఎట్టి శిక్షణ యుండవలెనో, అందు మన సంఘ సభ్యులు చేయదగిన పని యేమో, ఈ నెల విచారింప దలచితిమి.

ఇది యితర వార్తలవంటిది కాదు

గోదావరికి వరద వచ్చినచో విలేఖరి గట్టుమీద నిలిచి, చూచినది చూచినట్లు ఆ సాయంకాలమే వ్రాయగలడు. క్రొత్త వంగడము, క్రొత్త మందు, క్రొత్త యంత్రము అట్టివి గావు. వాని ఫలితము ఒక్క దినమున కానరాదు. సార్వాకు ఒక తీరు, దాళ్వాకు ఒక తీరు. మెరకచేలో పండినది పల్లపుచేలో మునిగిపోవును. కొబ్బరి విషయము మరియు కష్టము. నేడు పూచిన గెల పక్వమై దింపునకు వచ్చుటకే సంవత్సరము పట్టునుగదా! ఒక్కనాడు వచ్చి, ఒక్క చెట్టు చూచి, ఒక్కరిని అడిగి వ్రాసినది వార్త యగునేమో గాని విచారణ కానేరదు.

ఒక యుదాహరణము చెప్పెదము. "శ్రీ" యను వరిసాగు పద్ధతిని మడగాస్కర్ ద్వీపమున నివసించిన హెన్రీ డి లొలానియే యను ఫ్రెంచి మతగురువు 1980 దశకమున రూపొందించెను. 2003 సార్వాలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో రైతుల పొలములందే దీనిని పరీక్షింపజేసిరి. ఎకరమునకు రెండు కిలోల విత్తనము చాలును. పదిదినముల లేతనారు ఒక్కొక్క మొక్కగా ఎడమెడముగా నాటవలెను. నీరు నిలువగట్టక, చేను తడియారుచు నుండునట్లు చూడవలెను. విత్తనము తక్కువ, నీరు తక్కువ యనుమాట వినినవారికి ఆశ కలుగుట సహజము. కాని ఆషాఢ శ్రావణములలో మన పల్లపుచేల నీరు తీయుటకు త్రోవ యేది? మురుగుకాల్వ పూడియున్నచో ఒక్క రైతు తన చేను తడియార్చగలడా? శిక్షణ పొందిన విలేఖరి దిగుబడి చెప్పిన వెంటనే రెండవ వాక్యమున ఈ సంగతి చెప్పును. "ఈ పద్ధతి మంచిదా?" యని కాక "ఎవరి చేనికి మంచిది?" యని యడుగుట అతని మొదటి పాఠము.

తెల్లదోమ నేర్పిన పాఠము

మన కొబ్బరితోటల సంగతికి వత్తము. రూగోస్ సర్పిలాకార తెల్లదోమ యను పురుగు మధ్య అమెరికా ప్రాంతపుది. మన దేశమున దీనిని 2016లో తమిళనాటి పొల్లాచ్చివద్ద మొదట గుర్తించిరి. పిమ్మట అది గోదావరి జిల్లాల తోటలకు వచ్చినది. ఆకు అడుగున చేరి రసము పీల్చును. అది విసర్జించు తేనెవంటి జిగట, క్రింది ఆకులమీదను అంతరపంటలైన అరటి, కోకో ఆకులమీదను పడి, దానిపై నల్లని మసి తెగులు పట్టును. పచ్చని తోట పొగచూరిన వంటయింటివలె కనబడును. ఆ దృశ్యము చూచిన రైతు మందు వెదకకుండునా?

శాస్త్రజ్ఞులు చెప్పినదేమి? ఈ దోమను చంపు సహజ శత్రువులు కలవు. ఎన్‌కార్సియా గ్వాడెలూపే యను కంటికి ఆననంతటి కందిరీగ జాతి పురుగు దోమపిల్లలలో గ్రుడ్లుపెట్టి వానిని నశింపజేయును. విచ్చలవిడిగా విషపు మందులు చల్లినచో దోమకన్న ముందుగా ఈ మిత్రుడే చచ్చును. దోమ మరల విజృంభించును. కావున జిగురుపూసిన పసుపు అట్టలు కట్టుడు, ఆకులపై నీటిని వేగముగా కొట్టుడు, ఇసారియా యను శిలీంధ్రమును చల్లుడు, మిత్రపురుగులను కాపాడుడు, ఓపికపట్టుడు, అని వారు చెప్పిరి. మన అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానమువారి మాటయు ఇదియే.

ఇందలి చిక్కు చూడుడు. "ఈ మందు చల్లుడు" అను మాటకు అమ్మువాడు కలడు, ప్రకటన కలదు, బొమ్మ కలదు. "చల్లకుడు, ఓపికపట్టుడు" అను మాటకు అమ్మువాడు లేడు. ఓపికను సీసాలో పోసి యెవరు అమ్మగలరు? కావున ఆ మాట పత్రికలో మూలకు పోవును. మా యెరుకలోని సభ్యు లొకరు ఒక కాగితమున పడిన చిన్న వార్త నమ్మి, అప్పుచేసి, తోటకంతకు మందు కొట్టించిరి. కొన్నినెలలకు దోమ తిరిగి వచ్చినది. అప్పు మాత్రము పోలేదు. తరువాత ఆ కాగితము తెచ్చి మాకు చూపగా, అది వార్త కానేకాదు, వార్తవలె కూర్చి అచ్చువేసిన ప్రకటన. "అక్షరములన్నియు ఒక్కతీరుననే యున్నవిగదండీ, నాకెట్లు తెలియును?" అని వారడిగిరి. మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ ప్రశ్నయే కారణము.

విలేఖరి చదువెక్కడ?

పత్రికలు మనకు క్రొత్తవి గావు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో స్థాపించిన "వివేకవర్ధని" రాజమహేంద్రవరమునుండి వెలువడి, లంచగొండుల గుట్టు బయటపెట్టినది. కాని విలేఖరులకు బడి యుండవలెనను తలంపు చాలకాలమునకు గాని కలుగలేదు. 1941లో లాహోరునందలి పంజాబు విశ్వవిద్యాలయమునను, 1947లో మద్రాసు విశ్వవిద్యాలయమునను, 1954లో హైదరాబాదు ఉస్మానియాలోను ఈ విద్య మొదలైనది. 1969లో రైతులకొరకే "అన్నదాత" మాసపత్రిక పుట్టినది. 1974లో విశాఖపట్టణమున "ఈనాడు" ప్రారంభమై, తరువాత జిల్లాకొక అనుబంధము రాగా, ప్రతి మండలమునకు ఒక విలేఖరి యేర్పడెను. ఇది గొప్ప మార్పు. మన ఊరి పేరు పత్రికలో కనబడసాగినది.

అయితే ఈ మండల విలేఖరులలో పలువురికి నిలకడైన జీతము లేదు. ఎన్ని వరుసలు అచ్చుపడిన అంత పైకము. కొన్నిచోట్ల ప్రకటనలు సేకరించు భారమును వారిపైననే. ఉదయమున దుకాణదారుని ప్రకటన అడిగినవాడు, సాయంకాలమున అతడమ్ము మందును గూర్చి నిష్పక్షపాతముగా వ్రాయుట యెంత కష్టమో ఆలోచింపుడు. మేము విలేఖరులను నిందించుట లేదు. నాగలి లేనివానిని దున్నుమనుట న్యాయము కాదు.

2011లో మన కోనసీమ రైతులు సార్వాకు పంటవిరామము ప్రకటించి వేలకొలది యెకరములు బీడుగా నుంచినప్పుడు, దేశపు పెద్ద పత్రికలన్నియు అమలాపురము పేరు వ్రాసినవి. ప్రభుత్వము మోహన్ కందాగారి అధ్యక్షతన విచారణ సంఘమును వేసినది. గిట్టుబాటుకాని ధర, కూలిఖర్చు, పూడిన మురుగుకాల్వలు, ఆలస్యముగా వచ్చు కాలువనీరు, కోతవేళ తుపాను – ఇవి ఆ యేట పుట్టినవి గావు. చేను పచ్చగా నున్నంతకాలము ఇవి పెద్ద వార్తలు కాలేదు. చేను బీడుపడినంతనే వార్త లయ్యెను. జబ్బును ముందే కనిపెట్టి చెప్పువాడు కదా మనకు కావలసిన విలేఖరి!

పస్తాపురము స్త్రీలు

ఇట్టి శిక్షణ సాధ్యమా యని సందేహించువారికి తెలంగాణములోని జహీరాబాదు ప్రాంతము చూపెదము. అచ్చట పస్తాపురము కేంద్రముగా 1983లో దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడెను. దాని స్థాపకులలో నొకరైన పి.వి. సతీష్‌గారు (2023లో స్వర్గస్థులైరి) మునుపు దూరదర్శన్‌లో పనిచేసినవారు. వారు చిరుధాన్యములు పండించు పేదస్త్రీలకు, అందు పలువురు దళితులు, చదువు రానివారు, చలనచిత్రములు తీయు కెమెరా చేతికిచ్చి శిక్షణ నిప్పించిరి.

ఆ స్త్రీలు పాఠములను తమ మాటలలో పెట్టుకొన్న తీరు మెచ్చదగినది. కెమెరా పైనుండి క్రిందికి చూచినచో అది "పటేలు షాటు". క్రిందనుండి పైకి చూచినచో పటేలు ఎదుట నిలిచిన పాలేరు చూపు. ఎదుటివాని కన్నులకు సమానముగా నిలిపి తీసినచో "సంఘం షాటు". రైతుమీదికి వంగి చూడక, రైతు నెత్తిపైకెత్తి చూడక, సమానముగా నిలిచి చూచుట! సహకార సంఘ సభ్యులమైన మనకు ఈ పాఠము ఎవరును వివరింప నక్కరలేదు.

2002లో బీటీ ప్రత్తికి ప్రభుత్వ మనుమతి లభించినది. కాయతొలుచు పురుగు పట్టదని విత్తనము విరివిగా అమ్మిరి. ఈ స్త్రీలు వరంగల్లు జిల్లాకు పోయి, విత్తినది మొదలు ప్రత్తి తీయువరకు ఆ రైతులనే మరల మరల కలిసి, వారి మాటలను చిత్రించిరి. 2003లో ఒక చిత్రము, మూడు పంటల యనుభవముతో 2005లో మరియొకటి వెలువడినవి. ఆ 2005లోనే మెక్ 12, మెక్ 162, మెక్ 184 అను మూడు రకములకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి నిరాకరింపబడెను.

ఇంతటితో కథ ముగియలేదు. ముగిసినదని వ్రాయుట సత్యము కాదు. ఇతర బీటీ రకములు తరువాత వచ్చి ప్రత్తినేలలలో మిక్కుటముగా వ్యాపించినవి. పలువురు రైతులు వానినే కోరిరి. ఆ పిమ్మట గులాబిరంగు పురుగు ఆ విత్తనమునకు లొంగకపోవుటయు సంభవించినది. మరియు ఆ సొసైటీవారు మొదటినుండియు ఆ విత్తనమునకు విరోధులే. ఆ మాటను గూడ పాఠకునకు చెప్పుట ధర్మము. పక్షము కలుగుట తప్పు గాదు, దాచుట తప్పు. మనము గ్రహింపవలసినది వారి పక్షమును గాదు, ఓపికను: ఒక్క దినము గాదు, మూడు పంటలు చూచిరి. ఈ స్త్రీలే 2008 అక్టోబరు 15వ తేదీన మాచ్‌నూరు గ్రామమున "సంగం రేడియో" ప్రారంభించిరి.

విలేఖరికి నేర్పవలసినవి

మా యభిప్రాయమున, క్రొత్త సేద్యమును గూర్చి వ్రాయువానికి ఈ యారు ప్రశ్నలు కంఠస్థము కావలెను.

ఒకటి: ఎన్ని యెకరములు, ఏ నేల, ఎన్ని పంటలు చూచితిరి?

రెండు: క్రొత్త పద్ధతి చేయని ప్రక్కచేను ఎట్లు పండినది? ఆ యేడు అందరికిని పంట బాగుగా నున్నచో మందు గొప్ప యేమి?

మూడు: ఖర్చెంత? ఎకరమునకు రెండు బస్తాలు అధికముగా పండి, మూడు బస్తాల ఖరీదు కూలికి పోయినచో అది లాభము గాదు.

నాలుగు: కౌలురైతునకు మిగులునదేమి? భూస్వామికి లాభమైనది కౌలుదారునకు భారము కావచ్చును.

ఐదు: ఈ ప్రదర్శనకు మిమ్ము పిలిచినదెవరు? బండి, భోజనము ఎవరివి?

ఆరు: చేసి విడిచిపెట్టినవా రెవరైన కలరా? వారి నడిగితిరా? మరుసటి యేడు తిరిగి వత్తురా?

ఈ యారవ ప్రశ్న అన్నిటికన్న ముఖ్యము. ప్రారంభోత్సవమునకు వచ్చువారు పలువురు. ఏడాది పిమ్మట ఆ యంత్రము తిరుగుచున్నదో, పాకలో త్రుప్పుపట్టుచున్నదో చూడవచ్చువారు ఏరి?

మన పని

విలేఖరి శిక్షణకు మన పొలముకన్న మంచి బడి లేదు. మేము సభ్యులకు మనవి చేయున దేమనగా: ప్రతి గ్రామసంఘమును సార్వాకు ఒక దినము, దాళ్వాకు ఒక దినము మండల విలేఖరిని పిలిచి చేలు చూపవలెను. పండిన చేనే గాదు, పోయిన చేనును చూపుడు. ఓడినవాడు సిగ్గుపడి దాగినచో పొరుగువాడును ఆ గోతిలోనే పడును. ప్రతి రైతును ఒక చిన్నపుస్తకము నుంచుకొని, విత్తిన తేది, కొట్టిన మందు, దాని వెల, దిగుబడి వ్రాసికొనవలెను. నోటిమాటకన్న ఆ పుస్తకము విలేఖరికి వేయిరెట్లు ఉపకరించును. పత్రికలో తప్పు పడినప్పుడు అరుగుమీద కోపపడుటతో సరిపెట్టుకొనక, సవరణ కోరుచు నలుగురు సంతకముచేసి లేఖ వ్రాయుడు. మన యూళ్లలో చదువుకొన్న యువతీ యువకులకు ఈ విద్యయందు రుచి కలదేని, పరిశోధనా స్థానమువారి మాటలను ఇంటిభాషలోనికి మార్చి వ్రాయుట నేర్పుడు.

ఈ పత్రికకును మే మొక నియమము పెట్టుకొంటిమి. ఇకమీదట క్రొత్త పద్ధతిని గూర్చి వ్రాయునపుడు, అది విఫలమైన చేనొకటి గూడ చూచినగాని వ్రాయము. ప్రకటనను "ప్రకటన" యను పేరుతోనే వేయుదుము. మే మీ నియమము తప్పినచో సభ్యులు సర్వసభ్య సమావేశమున మమ్ము నిలదీయవచ్చును.

కాలువకు లాకు ఎంత యవసరమో మన డెల్టావారికి ఒకరు చెప్పనక్కరలేదు. తలుపు వేళకు తెరచి, వేళకు మూసినగదా నీరు చేనికి మేలగును! వార్తలకు విలేఖరి యట్టి లాకు కాపరి. అతనికి పని నేర్పుట ప్రభుత్వమునకును విశ్వవిద్యాలయములకును మాత్రమే చెందినది గాదు. ఆ నీటితో చేను తడుపుకొను మనకును చెందినది. అక్షరములన్నియు ఒక్కతీరుననే యున్నవని మమ్మడిగిన ఆ సభ్యుని ప్రశ్నకు, వచ్చు సార్వానాటికైనను మన మందరము గలసి సమాధానము చెప్పుదుముగాక!