హాజరుపట్టీలో అమ్మ వాటా



"నాలుగు రోజులు కాలేజీ మానేస్తే ఏటయిపోద్దమ్మా?" మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే ఇది. పెళ్లికి పిల్ల ఉండాలి. అమ్మవారి సంబరానికి పిల్ల ఉండాలి. అత్తగారికి కంటి ఆపరేషనయితే పక్కన పిల్ల ఉండాలి. మగపిల్లాణ్ణి చదువు పాడవుతుందని పంపించేస్తాం. ఆడపిల్లని మాత్రం "ఈ ఒక్క రోజుకీ ఉండిపోవే" అంటాం. నేనూ అన్నదాన్నే. అందుకే ఈవేళ కాలేజీ హాజరు గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. 2022లో విజయనగరం కేంద్రంగా ఏర్పడిన జె.ఎన్.టి.యు. గురజాడ విశ్వవిద్యాలయం కింద మన ప్రాంతంలో చాలా ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. అక్కడ సెమిస్టరు పరీక్ష రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి నూటికి 75 వంతులు హాజరుండాలి. ఒక్కొక్క సబ్జెక్టులో 40కి తగ్గకూడదు. 75కి తగ్గి, 65కి పైన ఉంటే, సరైన కారణం చూపి, రుసుము కడితే కళాశాల కమిటీ ఆ లోటును మన్నించవచ్చు. మన్నించి తీరాలని మాత్రం లేదు. 65కి తగ్గితే ఎవరు చెప్పినా, ఎంత బతిమాలినా మన్నించరు. డిగ్రీ చదివే పిల్లలకు కూడా మామూలుగా 75 శాతమే లెక్క. మన్నింపు షరతులు మాత్రం విశ్వవిద్యాలయాన్ని బట్టి, కోర్సును బట్టి మారుతూంటాయి. అందుచేత చేర్పించిన రోజునే ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

శాతాలంటే మనకు తలనొప్పి. రోజుల్లో చెప్పుకుందాం. సెమిస్టరులో 90 రోజులు క్లాసులు జరిగాయనుకోండి. 22 రోజుల వరకు మానినా 75 శాతం నిలుస్తుంది. 31 రోజుల వరకు మానితే మన్నింపు అడగవచ్చు. 32వ రోజు మానితే దారి మూసుకుపోయినట్టే. అసలు లెక్క రోజుల్లో కాదు, పీరియడ్లలో కడతారు. మధ్యాహ్నం బస్సుకి వచ్చెయ్యమంటే పూట క్లాసులు పోయినట్టే.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నప్పుడు మా మరిది పెళ్లని 6 రోజులు ఉంచేశాను. మా అత్తగారికి కంటి ఆపరేషనని 7 రోజులు, మా కన్నవారి ఊళ్లో సంబరమని 4 రోజులు. మొత్తం 17. "ఇంకా బోలెడు రోజులున్నాయి కదా" అనుకున్నాను. తరవాత పిల్లకి పచ్చకామెర్లు వచ్చాయి. 17 రోజులు మంచం దిగలేదు. రెండూ కలిపితే 34. క్లాసులు జరిగింది 90 రోజులే. హాజరు 62 శాతం చిల్లర.

డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని కాలేజీకి వెళ్లాను. ఆ గుమస్తా గారు ఎంతో మర్యాదగానే చెప్పారు: "అమ్మా, ఈ కాగితం 65 దాటినవాళ్లకే పనికొస్తుంది." మూడే మూడు రోజులు తక్కువ! ఆ మూడు రోజులూ ఏవో నాకు తెలుసు. జబ్బు రోజులు కావవి. సంబరానికి నేను ఉంచేసిన రోజులు. వాళ్లని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు.

పోయింది సెమిస్టరే కదా, ఆర్నెల్లే కదా అనుకున్నాను. కాదు. ఆ సెమిస్టరు పాఠాలు మళ్లీ మొదలయ్యేది మరుసటి ఏడాదే. అప్పుడు తిరిగి చేరాలి. తోటిపిల్లలు ముందుకు వెళ్లిపోయారు. నా కూతురు తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చుంది. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుణ్ణు అనిపించింది.

మనం తెలుసుకోవలసింది ఇదే. మన్నింపు అనే ఆ పది శాతం సెలవు కాదు, ఆపద్ధనం. పోపులపెట్టెలో దాచిన డబ్బులాంటిది. పెళ్లికీ పేరంటానికీ ఖర్చు పెట్టేస్తే, రేపు జబ్బు చేసిననాడు చేతిలో ఏమీ ఉండదు.

జబ్బు చేస్తే ఏం చెయ్యాలంటారా? మొదటి రోజునే కాలేజీకి కబురు పెట్టండి, ఓ ఉత్తరం రాసి పంపండి. ఆస్పత్రి చీటీలు, రక్తపరీక్ష కాగితాలు దాచండి. తగ్గి తిరిగి వెళ్లిన రోజునే సర్టిఫికెట్ ఇచ్చెయ్యాలి. సెమిస్టరు చివర పట్టుకెళ్తే ఎవరికైనా అనుమానమే. దొంగ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు. బయటపడితే హాజరుతో పాటు పిల్ల పరువూ పోతుంది.

ఆటలకో, ఎన్.సి.సి. శిబిరానికో వెళ్తే ముందే ప్రిన్సిపాల్ గారి అనుమతి కాగితం మీద తీసుకోవాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన జిల్లాలను అతలాకుతలం చేశాయి. అలాంటప్పుడు కాలేజీయే మూసేస్తే జరగని క్లాసుకి గైర్హాజరు ఉండదు. కాలేజీ తెరిచాక మన ఊరి దారి ఇంకా తెగిపోయి ఉంటే మాత్రం గైర్హాజరే పడుతుంది. ఆ సంగతి వెంటనే రాసి ఇవ్వాలి.

ఉద్దానం వైపు అక్కచెల్లెళ్లకు వేరే కష్టం ఉంది. ఇంట్లో మూత్రపిండాల జబ్బు మనిషి ఉంటే డయాలసిస్‌కి ఎవరో ఒకరు తోడు వెళ్లాలి. ప్రతిసారీ చదువుకునే ఆడపిల్లే వెళ్లాలా? కొడుకులు, అల్లుళ్లు, తోడికోడళ్లు వంతులు వేసుకోవచ్చు. తప్పనిసరి అయితే ఆ సంగతి ప్రిన్సిపాల్ గారికి ముందే విన్నవించుకోవాలి.

చదువు మధ్యలో పెళ్లయి కడుపుతో ఉన్న పిల్ల చదువు మానెయ్యాలనుకోకండి. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని యు.జి.సి. 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు రాసింది. కేరళలో 2023 నుంచి నెలసరి ఇబ్బందులు గమనించి అమ్మాయిలకు 73 శాతం హాజరు చాలన్నారు. అడిగితేనే తెలుస్తాయి ఇలాంటివి.

గోడమీద క్యాలెండరులో పాలలెక్క రాసుకుంటాం కదా. దాని పక్కనే పిల్ల కాలేజీ మానిన రోజు ఒక సున్నా చుట్టండి. మనవల్ల మానితే ఎర్రసిరా, జబ్బువల్ల మానితే నీలిసిరా. నెలాఖరున ఎర్రసున్నాలు లెక్కపెట్టుకోండి. నేనిప్పుడు మా చిన్నదాని విషయంలో అదే చేస్తున్నాను. మొన్న మా ఆడపడుచు గారింట శుభకార్యానికి "చిన్నది రాలేదేం?" అని అడిగారు. "క్లాసుందండీ" అన్నాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

సెలవు.