ఊరు చేరిన ఆటగాడు

ఒకనాడు పేరు మోసిన ఆటగాడు చేతి సత్తువ ఉడిగి సొంత ఊరు చేరుట జాలిపడదగిన విషయమే గాని, నవ్వదగినది ఎట్లగునని శ్రోతలు అడుగవచ్చును. అమెరికాలోని ఎచ్.బి.ఓ. అను టెలివిజన్ సంస్థ ఈ విషయమునే హాస్యముగా మలచి, ‘ఈస్ట్‌బౌండ్ అండ్ డౌన్’ అను పేర 2009 నుండి 2013 వరకు నాలుగు విడతలుగా ప్రసారము చేసినది.

ఇందలి కథానాయకుడు కెన్నీ పవర్స్. బేస్‌బాల్ మన క్రికెట్టునకు దూరపు చుట్టము. అందు బంతి విసరువాడే ప్రధానుడు. మెరుపు వంటి విసురుతో కీర్తి గడించిన ఈతడు, విసురు తగ్గి, నోటిదురుసు తగ్గక, జట్లకు దూరమై ఉత్తర కారొలైనాలోని షెల్బీ అను స్వస్థలము చేరును. అన్న యింట తలదాచుకొని, ఊరి బడిలో తాత్కాలిక వ్యాయామోపాధ్యాయుడగును. డానీ మెక్‌బ్రైడ్ ఈ పాత్ర ధరించెను. కథను కల్పించిన ముగ్గురిలోను ఆయన ఒకడు.

రేడియో వినువారికి ఇందొక విశేషము చెప్పవలెను. కెన్నీ తన గొప్పలను తానే చదివి రికార్డు చేయించి, బండి నడుపుచు తానే వినుచుండును. చెవిని బడునది విజేత కంఠము. కంటికి కనబడునది అన్న పంచన బ్రదుకు మనిషి. ఆ రెంటి నడుమ గల దూరమే ఇందలి హాస్యము. బొమ్మ తీసివేసిన వట్టి బడాయి, కంఠము తీసివేసిన వట్టి దైన్యము మిగులును. బడిలోని సంగీతోపాధ్యాయుడు స్టీవీ ఆ బడాయిని వేదవాక్యముగా నమ్మును. నమ్మువాడొకడు లేనిదే ప్రగల్భము నిలువదు గదా!

మనకు ఇది బొత్తిగా కొత్త గాదు. గాండీవమును జమ్మిపై దాచి, విరాటుని కొలువున ఆడపిల్లలకు నాట్యము నేర్పిన బృహన్నల యున్నాడు. అంతఃపుర స్త్రీల యెదుట కౌరవసేన నంతయు గెలుతునని పలికి, సేనను చూచినంతనే రథము దిగి పరుగిడిన ఉత్తరకుమారుడును ఉన్నాడు. బృహన్నల కొలువున తన గతమును గూర్చి గొప్పలు చెప్పుకొనలేదు. కనుక ఆతనిని గౌరవింతుము. కెన్నీకి దక్కినది బృహన్నల కొలువు, నోరు మాత్రము ఉత్తరునిది.

తెలుగున ఈ వస్తువు కన్నీటివైపే మొగ్గినది. 2019లో గౌతమ్ తిన్ననూరి తీసిన ‘జెర్సీ’ చిత్రమున నాని ధరించిన పాత్ర, ఆట మానిన పదేండ్లకు, ముప్పదియారేండ్ల ప్రాయమున, తిరిగి బ్యాటు పట్టును. ఆ పాత్ర పేరును అర్జునే! అట్లని మనము ఓటమికి నవ్వనివారము గాము. 2001 నుండి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’లో, హోటలు నడుపు మిత్రుల పన్నుగడలు వారము వారము బెడిసికొట్టుచుండగా ఇంటిల్లిపాది నవ్వినారము. హోటలువానికి నవ్వు, ఆటగానికి కన్నీరు ఏల? ఆటగాని గెలుపులో ఊరు పాలు పంచుకొనును. ఆతని పతనము తన నష్టముగా దానికి తోచును. మాకు తోచిన కారణమిది.

ఓరుగల్లు సీమలో నవ్వు మరియొక త్రోవ త్రొక్కినది. పర్వతగిరి మండలము కల్లెడలో, మేధోవైకల్యముతో పుట్టిన జీవాంజి దీప్తిని చిన్ననాడు ఊరివారే గేలిచేసిరని తల్లిదండ్రులు చెప్పియున్నారు. ఆమె 2024 మే నెలలో జపానులోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగమున నాటి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకము గెలిచెను. కెన్నీ కథలో కీర్తి ముందు, నవ్వు వెనుక. కల్లెడలో నవ్వే ముందు వచ్చినది.

హనుమకొండలోని జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినవి. నాడు పరుగెత్తినవారికి పతకములు దక్కినను దక్కకున్నను, కాలి వేగము తగ్గు దినము రాక తప్పదు. కొందరు ఏదో యొక బడి ఆవరణలో ఈల పట్టుకొని నిలుతురు. అట్టి వ్యాయామపు మాస్టారొకని కథను, ఆతనిని చిన్నబుచ్చక, ఓరుగల్లు పలుకుబడిలో నవ్వించుచు వ్రాయగల రచయిత ఎవరైన నున్నచో, వారి నాటకమును ముందు రేడియోలో వినవలెనని మా కోరిక.