వార్తల్లో పదం: హాస్పిస్

జబ్బు ఇక నయం కాదని తేలాక, మిగిలిన రోజుల్లో నొప్పి, ఆయాసం, భయం తగ్గించే సేవే హాస్పిస్. హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ పక్కనే ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో ప్రారంభించిన ఈ సంస్థలో సేవ ఉచితం.

ఉచితమైతే నాణ్యత గురించి అడగకూడదా? అడగాల్సిందే. ఎందరు కోలుకున్నారన్నది ఇక్కడ లెక్క కాదు. నొప్పి తీవ్రతను రోజూ నమోదు చేస్తున్నారా, అర్ధరాత్రి పిలిస్తే నర్సు వస్తుందా, వీపు మీద పుండ్లు పడకుండా రోగిని పక్కకు తిప్పుతున్నారా అన్నవే చూడాలి. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మీద మాత్రం చట్టం కన్ను గట్టిది. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణ అనుమతులను సులువు చేసింది గానీ, వాడకానికి లెక్క రాయక తప్పదు. మిగతా సేవకు భారత పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవ) సంఘం కనీస ప్రమాణాలు రూపొందించింది. వాటిని పాటించడం సంస్థల ఇష్టం.

అమెరికాలో తంటా వేరు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ హాస్పిస్‌కు రోజుకింత చొప్పున చెల్లిస్తుంది. దాంతో చావుకు దగ్గర్లో లేనివారినీ చేర్చుకున్న సంస్థలు బయటపడ్డాయి. 2022లో కాలిఫోర్నియా కొత్త లైసెన్సులు ఆపేసింది. ఫిర్యాదు చేయడానికి రోగి మిగలడు కనుక, మరణించిన రెండు నెలలకు సేవ ఎలా ఉందో అక్కడ కుటుంబాన్నే అడిగి రాసుకుంటారు. మన దగ్గరా ఇది మొదలుపెట్టవచ్చు, పెద్ద ఖర్చేం కాదు.