పగులు వెడల్పు – వంతెన మన్నిక: పల్నాటి వాతావరణంలో సాగే సిమెంటు మిశ్రమాలు

వ్యాససంగ్రహం:
కాంక్రీటు వంతెన మన్నికను నిర్ణయించేది బలం ఒక్కటే కాదు, పగుళ్ల వెడల్పు కూడా. సాగే గుణం గల సిమెంటు మిశ్రమాలు పగుళ్లను సన్నగా ఉంచి లోపలి ఇనుమును ఎలా కాపాడతాయో, శీతలదేశాల అనుభవంలో పల్నాటికి వర్తించేదేమిటో, వర్తించనిదేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వంతెనలు, పగుళ్లు, తుప్పు, ఈసీసీ, పల్నాడు, శావల్యాపురం.

1. ప్రవేశిక:
పల్నాడు జిల్లాలోని శావల్యాపురం గుంటూరు–గుంతకల్లు రైలుమార్గంలోని స్టేషను. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త మార్గం పాతమార్గాన్ని కలిసేది ఇక్కడే. కొత్త మార్గం పడినచోటల్లా వాగులపై, రహదారులపై వంతెనలు వెలుస్తాయి. అవి తరాలపాటు నిలవాలి. ఈ ప్రాంతపు ఎండ ఎంతటిదో రెంటచింతల పేరు చెబితే చాలు, తెలుగువారికి అర్థమవుతుంది. అక్కడ వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. 20 మీటర్ల కాంక్రీటు దూలం 30 డిగ్రీల తేడాకు సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. ఈ కదలిక కోసమే స్లాబుల మధ్య జాయింట్లు విడిచిపెడతారు. వాననీరు దిగేదీ, దూలాల చివరలు దెబ్బతినేదీ ఆ జాయింట్ల దగ్గరే.

2. పగులు – తుప్పు:
కాంక్రీటు నొక్కుడును బాగా భరిస్తుంది. లాగుడును భరించే శక్తి అందులో దాదాపు పదోవంతు మాత్రమే. ఒక మీటరు కాంక్రీటు 0.1 మిల్లీమీటరు సాగేసరికే పగులుతుంది. సిమెంటులోని క్షారగుణం ఇనుప ఊచలపై రక్షణపొరను నిలుపుతుంది. పగులు ద్వారా కార్బన్ డయాక్సైడు చేరితే ఆ క్షారగుణం తగ్గుతుంది. తీరప్రాంతంలోనైతే ఉప్పుగాలిలోని క్లోరైడ్లు ఆ పొరను నేరుగా ఛేదిస్తాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు లోపలినుంచి చిట్లి పెచ్చులుగా రాలుతుంది.

పగులు గుండా నీటి ప్రవాహం దాని వెడల్పు ఘనాన్ని అనుసరిస్తుంది. 0.3 మిల్లీమీటర్ల పగులు ఒకటి ఉన్నచోట 0.06 మిల్లీమీటర్ల పగుళ్లు ఐదు ఉన్నాయనుకుందాం. మొత్తం వెడల్పు సమానమే అయినా, వాటి గుండా సాగే నీరు ఇరవై ఐదోవంతే. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 కూడా సాధారణ పరిస్థితుల్లో 0.3 మిల్లీమీటర్ల పగులును అనుమతించి, తీవ్ర వాతావరణంలో 0.1కి పరిమితం చేస్తుంది.

3. సాగే మిశ్రమం స్వభావం:
1990ల తొలినాళ్లలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో విక్టర్ లీ రూపొందించిన ‘ఇంజనీర్డ్ సిమెంటీషియస్ కాంపోజిట్’ను సంక్షిప్తంగా ఈసీసీ అంటారు. ఇందులో కంకర ఉండదు. సిమెంటు, ఫ్లైయాష్, సన్నని ఇసుక, నీరు, పరిమాణంలో సుమారు 2 శాతం పాలీవినైల్ ఆల్కహాల్ పోగులు ఉంటాయి. పోగు సిమెంటును మరీ గట్టిగా పట్టుకుంటే తెగిపోతుంది. అందుకే దానికి పలుచని నూనెపూత వేస్తారు. పగులు పుట్టినప్పుడు పోగు తెగక, కొద్దిగా జారుతూ రెండు అంచులనూ పట్టి ఉంచుతుంది. ఆ పగులు వెడల్పయ్యేలోపు పక్కన మరొకటి పుడుతుంది. ఫలితంగా మీటరు పొడవు 30 మిల్లీమీటర్లకు పైగా సాగినా, ఒక్కో పగులు సుమారు 0.06 మిల్లీమీటర్ల దగ్గరే నిలుస్తుంది.

4. వంతెనలపై అనుభవం:
జపాన్‌లోని హొక్కైడోలో 2005లో ప్రారంభమైన మిహారా వంతెనలో ఉక్కుపలకపై పలుచని ఈసీసీ పొర వేశారు. అదే ఏడాది మిషిగన్ రాష్ట్రంలో ఒక రహదారి వంతెనపై జాయింటును తొలగించి, రెండు స్లాబులను ఈసీసీ పట్టీతో కలిపారు. దీనిని లింక్‌స్లాబు అంటారు. దూలాల కదలికను పట్టీయే సాగి భరిస్తుంది. నీరు దిగే సందు మూసుకుపోతుంది.

5. పల్నాటికి అన్వయం:
పై రెండు ప్రాంతాల్లోనూ ప్రధాన శత్రువు మంచు. మిషిగన్‌లో దానికి తోడు మంచును కరిగించడానికి చల్లే ఉప్పు. పల్నాటిలో శత్రువు ఎండ. పగులు సన్నగా ఉండటం వల్ల కలిగే మేలు ఇక్కడికీ వర్తిస్తుంది. కానీ రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం. మొదటిది, కంకర లేని మిశ్రమం ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోతుంది. వేసవిలో పోసిన పట్టీకి తొలి రోజుల్లో క్యూరింగ్ తప్పితే పదార్థపు సుగుణమే దెబ్బతింటుంది. రెండవది, ఈసీసీ సన్నని పగుళ్లు తడి తగిలినప్పుడు కాల్షియం కార్బొనేటుతో పూడుకుంటాయి. పిడుగురాళ్ల సున్నంతో కట్టిన పాతగోడల్లో సున్నం గాలి పీల్చి రాయిగా మారేదీ ఇలాంటి చర్యతోనే. అయితే నెలల తరబడి వాన పడనిచోట ఈ పూడిక మీదే ఆధారపడటం తగదు.

ముడిపదార్థాల్లో అనుకూలత ఉంది. సున్నపురాయి, సిమెంటు జిల్లాలోనే లభిస్తాయి. విజయవాడ థర్మల్ కేంద్రం ఫ్లైయాష్‌ను ఇవ్వగలదు. ఈసీసీలో సాధారణ కాంక్రీటుకంటే సిమెంటు వాడకం ఎక్కువ కనుక, కొంత సిమెంటు స్థానంలో ఫ్లైయాష్ వాడటం ఖర్చుకూ పర్యావరణానికీ మేలు. పోగుల ధరే అసలు అడ్డంకి.

6. ముగింపు:
వంతెన మొత్తాన్ని ఈ మిశ్రమంతో కట్టనక్కరలేదు. నీరు దిగే జాయింటు దగ్గర వాడితే తక్కువ పరిమాణంతోనే ఎక్కువ రక్షణ లభిస్తుంది. శావల్యాపురం వంటి చోట ఒక చిన్న వంతెనపై లింక్‌స్లాబు వేసి, కొన్ని వేసవులు, కొన్ని వానకాలాలు పగుళ్ల వెడల్పును కొలవడం సముచితమైన తొలి అడుగు. పగులును పూర్తిగా నివారించడం సాధ్యం కాదు. దానిని సన్నగా నిలపడం సాధ్యం. మన్నికకు ఆధారం అదే.