తాకితే విప్పి చెప్పే జన్యుపటం

బంగారు వర్తకానికీ, అమ్మవారిశాల దసరా ఉత్సవాలకూ పేరొందిన ప్రొద్దుటూరులో ఆర్యవైశ్య కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఈ సమాజాన్ని గురించి జన్యుశాస్త్రం వెల్లడించిన ఒక విషయం శస్త్రచికిత్స గదిలో ప్రాణాలకు సంబంధించినది. కండరాలను సడలించడానికి మత్తువైద్యులు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము కొద్ది నిమిషాలలోనే విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లోపించినవారిలో మందు ప్రభావం గంటల తరబడి నిలిచి, ఊపిరి పీల్చే కండరాలు సైతం కదలక, యంత్రంతో శ్వాస అందించవలసి వస్తుంది. వైశ్యులలో ఈ లోపానికి కారణమైన ఒక మార్పును, అంటే ఆ ప్రోటీనులో 307వ స్థానాన ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరడాన్ని, 2006లో పరిశోధకులు ప్రకటించారు. ఇతరులకంటే వీరిలో ఈ లోపం వంద రెట్లు ఎక్కువని హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2017లో వెలువరించిన అధ్యయనం పేర్కొంది. దీనికి మేనరికాలు కారణమని చాలామంది అనుకుంటారు గాని, అసలు కారణం అంతకంటే పాతది: కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన సమూహం వేల ఏళ్లుగా తనలో తానే సంబంధాలు కలుపుకొన్నప్పుడు, ఆ పూర్వీకులలో ఒకరు మోసిన మార్పు లక్షల మందికి చేరుతుంది.

ఇటువంటి మార్పుల జాడ తీసే పద్ధతులలో జన్యు అనుబంధ అధ్యయనం ఒకటి. ఇందులో వేలమంది డీఎన్ఏలోని లక్షల స్థానాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ప్రతి స్థానంలోని తేడాకూ పరిశీలిస్తున్న లక్షణానికీ, అది ఎంజైము స్థాయి కావచ్చు, వ్యాధి కావచ్చు, సంబంధం ఉన్నదా అని లెక్కిస్తారు. పది లక్షల పరీక్షలు జరిపినప్పుడు కేవలం యాదృచ్ఛికంగానే ఎన్నో సంబంధాలు ఉన్నట్టు కనిపిస్తాయి కనుక, ఆ యాదృచ్ఛికతకు రెండు కోట్లలో ఒక వంతు కంటే తక్కువ అవకాశం ఉంటేనే ఫలితాన్ని నమ్మడం ఆనవాయితీ. ఈ ఫలితాలను గీసే పటంలో అడ్డంగా క్రోమోజోములు వరుసగా ఉంటాయి, నిలువుగా ప్రతి స్థానానికీ ఒక చుక్క ఉంటుంది, సాక్ష్యం బలపడినకొద్దీ చుక్క పైకి లేస్తుంది. న్యూయార్కులోని ఆకాశహర్మ్యాలను తలపిస్తుందని దీనిని మాన్‌హట్టన్ పటం అంటారు. ఎంజైము స్థాయిని ఇలా గీస్తే, దానిని తయారుచేసే బీసీహెచ్ఈ జన్యువు ఉన్న మూడో క్రోమోజోము మీద శిఖరాన్ని ఆశించాలి.

అచ్చులో ఈ పటం శిఖరాన్ని చూపడంతోనే ఆగిపోతుంది. జూపిటర్ నోట్‌బుక్, అంటే కోడు, దాని ఫలితం, వివరణ ఒకే పేజీలో పక్కపక్కన నిలిచే వేదిక, ఆ పరిమితిని దాటించింది. 2011లో ఐపైథాన్ నోట్‌బుక్‌గా మొదలై 2014లో జూపిటర్ పేరు పొందిన ఈ వేదికలో విడ్జెట్ అనే చిన్న సాధనాన్ని అమర్చితే, చుక్క మీద మౌస్ ఉంచగానే ఆ స్థానం వివరాలు తెలుస్తాయి, శిఖరాన్ని నొక్కితే ఆ ప్రాంతం పెద్దదై అక్కడి జన్యువులు కనిపిస్తాయి. అంతకంటే విలువైనది, పటం మీద ఎంచుకొన్న చుక్కలు వెంటనే పైథాన్ అనే కంప్యూటర్ భాషలోని కోడులోకి పట్టికగా తిరిగి చేరడం. చూపు, లెక్క వేర్వేరు పనులు కాకుండా పోతాయి.

అయితే దగ్గరగా చూసేటప్పుడు చుక్కలకు వేసే రంగులను జాగ్రత్తగా చదవాలి. పక్కపక్కన ఉన్న జన్యు తేడాలు తరతరాలుగా జతగా సంక్రమిస్తాయి. శిఖరాగ్రంలోని చుక్కతో ఎంత గట్టిగా జతకట్టి ఉంటే మిగతా చుక్కలకు అంత ఎర్రని రంగు వేయడం మిషిగన్ విశ్వవిద్యాలయం 2010లో ప్రకటించిన లోకస్‌జూమ్ అనే పటాల సాధనం నాటి నుంచి వాడుకలో ఉంది. ఈ జతల లెక్కకు ఏదో ఒక జనసమూహం నమూనాలు ఆధారం కావాలి, అవి ఐరోపావారివైతే వైశ్యుల ఫలితాలకు వేసిన రంగులు తప్పుదారి పట్టిస్తాయి. అందుచేత ఆధార సమూహాన్ని మార్చుకొనే వీలు విడ్జెట్‌లో తప్పనిసరి. వైశ్యుల నమూనాల నుంచే లెక్కించినప్పుడు ఎర్రని చుక్కలు మరింత దూరం పరుచుకోవడం సహజం, ఎందుకంటే ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన పొడవైన డీఎన్ఏ ముక్కలు ఈ సమాజంలో ఇంకా చెదరలేదు. ఆ ఎర్రని వరుసలో అసలు కారకం ఏదో పటం తేల్చదు. ఒక్కొక్క మార్పు ఎంజైము పనితీరును ఎంత దెబ్బతీస్తుందో ప్రయోగశాలలో కొలవవలసిందే.